ఆ ఒక్క పరుగు ఎక్కడికి పోయింది?

2020 సెప్టెంబర్ 20, దుబాయ్. ఆ ఏడాది ఐపీఎల్‌లో అది రెండో మ్యాచ్. ఢిల్లీ 157 పరుగులు చేసింది, పంజాబ్ వాటిని వెంటాడుతోంది. రబాడా వేసిన 19వ ఓవర్ మూడో బంతికి మయాంక్ అగర్వాల్, క్రిస్ జోర్డాన్ రెండు పరుగులు తీశారు. స్క్వేర్ లెగ్‌లో ఉన్న అంపైర్ మాత్రం ఒకటే లెక్కలోకి తీసుకున్నాడు. మొదటి పరుగు తీసేటప్పుడు జోర్డాన్ బ్యాట్ గీత దాటలేదంటూ చేత్తో భుజం తాకి షార్ట్ రన్ అన్నాడు. ఆ తర్వాత టీవీలో రీప్లే వచ్చింది. బ్యాట్ గీతకు లోపలే ఉంది. ఇంట్లో కూర్చున్నవాళ్లందరికీ కనిపించింది.

చివరి ఓవర్లో పంజాబ్‌కు 13 పరుగులు కావాలి. మొదటి మూడు బంతుల్లో మయాంక్ 6, 2, 4 కొట్టాడు. మొత్తం 12. స్కోర్లు సమం. పోయిన ఆ పరుగు లెక్కలో ఉండి ఉంటే మ్యాచ్ అక్కడే, మూడు బంతులు మిగిలి ఉండగానే ముగిసేది. కానీ తర్వాతి బంతికి పరుగు రాలేదు. ఆఖరి రెండు బంతులకు రెండు వికెట్లు పడ్డాయి. టై. సూపర్ ఓవర్లో పంజాబ్ 2 పరుగులే చేయగలిగింది, ఢిల్లీ గెలిచింది.

ఒక్క పరుగే కదా అనుకోవచ్చు. లీగ్ దశ ముగిశాక పాయింట్ల పట్టిక ముందు పెట్టుకుని చూద్దాం. ముంబై 18 పాయింట్లతో పైన ఉంది. ఢిల్లీ 16. సన్‌రైజర్స్ హైదరాబాద్, బెంగళూరు, కోల్‌కతా తలా 14. పంజాబ్ 12 పాయింట్లతో ఆరో స్థానంలో ఆగిపోయి ఇంటికెళ్లింది. ఇప్పుడు దుబాయ్ మ్యాచ్ రెండు పాయింట్లను ఢిల్లీ ఖాతాలోంచి తీసి పంజాబ్ ఖాతాలో వేయండి. ముంబై తర్వాత అయిదు జట్లు 14 దగ్గర నిలబడతాయి. ఇక తేల్చాల్సింది నెట్ రన్‌రేట్. హైదరాబాద్ ప్లస్ 0.608, ఢిల్లీ మైనస్ 0.109, పంజాబ్ మైనస్ 0.162, బెంగళూరు మైనస్ 0.172, కోల్‌కతా మైనస్ 0.214. ఆ మ్యాచ్ ఫలితం మారితే రన్‌రేట్లు వెంట్రుకవాసి జరుగుతాయేమో గానీ వరుస మారదు. బెంగళూరు బయటికి పోతుంది, పంజాబ్ లోపలికి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా మన హైదరాబాద్ మూడో స్థానం నుంచి రెండో స్థానానికి ఎక్కుతుంది. రెండో స్థానమంటే ఒకసారి ఓడినా ఫైనల్‌కు మరో అవకాశం ఉంటుంది. ఆ ఏడాది ఆ అవకాశం ఢిల్లీకి దక్కింది. తొలి క్వాలిఫయర్‌లో ఓడి, రెండో దాంట్లో హైదరాబాద్‌ను 17 పరుగులతో ఓడించి తొలిసారి ఫైనల్‌కు వెళ్లింది.

ఆ ఒక్క మ్యాచ్ మారితే ఆ తర్వాతి మ్యాచ్‌లన్నీ ఇలాగే జరిగేవని ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పడం లేదు. ఒక జట్టు మరో రకంగా ఆడేదేమో, ఒక కెప్టెన్ మరో బౌలర్‌ను దింపేవాడేమో. కానీ అంపైర్ తప్పు చేసినప్పుడు అభిమానికి వచ్చే కోపాన్ని 'అతి' అని కొట్టిపారేసేవాళ్లు ఈ పట్టికను ఓసారి చూడాలి. ఆ కోపానికి లెక్క ఉంది.

అంపైర్ నిలబడ్డ చోటు నుంచి

న్యాయంగా మాట్లాడాలంటే ముందు ఆయన పక్కన నిలబడి చూడాలి. బౌలర్ అడుగు పడే గీత నుంచి బ్యాటర్ ముందున్న గీత దాకా 17.68 మీటర్లు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో బంతి వేస్తే అది సెకనుకు 38.9 మీటర్లు. అంటే 0.45 సెకను. గాలిలో, పిచ్ మీద వేగం కాస్త తగ్గుతుంది కనుక అర సెకను అనుకుందాం. ఆ అర సెకనుకు ముందు క్షణంలో అంపైర్ కళ్లు కింద, బౌలర్ కాలి దగ్గర ఉండాలి. వెంటనే పైకెత్తి బంతి ఎక్కడ పడింది, ముందు బ్యాట్‌కు తగిలిందా ప్యాడ్‌కు తగిలిందా, వికెట్ల వరుసలో ఉందా, ఎత్తు ఎంత, వినిపించిన శబ్దం బ్యాట్‌దా బూటుదా అన్నవన్నీ పట్టుకోవాలి. చుట్టూ 40 వేల మంది అరుస్తుంటారు. టెస్టులో ఇలా రోజుకు 90 ఓవర్లు, 540 బంతులు.

ఇది మనిషి చేయగలిగిన పనే. కానీ తప్పు లేకుండా చేయగలిగిన పని కాదు. ముఖ్యంగా కాలును, బంతిని ఒకేసారి చూడమనడం అన్యాయం. 2019 నవంబర్‌లో బ్రిస్బేన్ టెస్టులో అది బయటపడింది. ఆస్ట్రేలియాతో ఆడుతున్న పాకిస్థాన్ బౌలర్లు రెండో రోజు తొలి రెండు సెషన్లలో గీత దాటి వేసినా అంపైర్లు పట్టుకోని బంతులు 21 అని ప్రసారం చేస్తున్న చానెల్ ఒక్కొక్కటిగా చూపించింది. రెండు సెషన్లంటే మామూలుగా 60 ఓవర్లు, 360 బంతులు. ఆ లెక్కన దాదాపు ప్రతి 17 బంతులకు ఒకటి. ఎవరూ కావాలని వదిలేసింది కాదు. అసలు చూడటమే మానేశారన్నది దాని అర్థం. వికెట్ పడితే ఎలాగూ టీవీలో కాలు సరిచూస్తారు కదా అన్న ధీమా మెల్లగా అలవాటైపోయింది.

అదే ఏడాది మార్చి 28న బెంగళూరులో ఆ అలవాటు ఖరీదు కనిపించింది. ఐపీఎల్ మ్యాచ్‌లో ముంబై మీద బెంగళూరు గెలవాలంటే ఆఖరి బంతికి 7 పరుగులు కావాలి. మలింగ వేశాడు, శివమ్ దూబే కొట్టాడు, పరుగు రాలేదు. ఆటగాళ్లు చేతులు కలుపుకున్నారు. అప్పుడు పెద్ద తెర మీద మలింగ కాలు గీత దాటి ఉన్నట్టు కనిపించింది. నోబాల్ ఇచ్చి ఉంటే ఒక పరుగు అదనం, పైగా ఫ్రీ హిట్. ఒక్క బంతికి 6 కావాలి. అవతలి ఎండ్‌లో డివిలియర్స్ 70 పరుగులతో ఉన్నా ఆ బంతి దూబేకే పడేది. బెంగళూరు గెలిచేదని అనడం లేదు, ఆ బంతి ఆడే హక్కు మాత్రం దానికి ఉంది. రికార్డులో ముంబై 6 పరుగులతో గెలిచింది.

దీనికి మందు దొరికింది మన ఉప్పల్‌లో. 2019 డిసెంబర్ 6న హైదరాబాద్‌లో జరిగిన భారత్, వెస్టిండీస్ టీ20తో ఐసీసీ ఒక ప్రయోగం మొదలుపెట్టింది. బౌలర్ ముందు కాలును చూసే పని మైదానంలోని అంపైర్ నుంచి తీసేసి థర్డ్ అంపైర్‌కు ఇచ్చింది. ఆ రాత్రి అందరికీ గుర్తున్నది కోహ్లీ 94 నాటౌట్, 208 లక్ష్యాన్ని 18.4 ఓవర్లలో కొట్టేయడం. పక్క గదిలో తెర ముందు కూర్చుని ఒకాయన ప్రతి బంతికీ బౌలర్ బూటు చూస్తున్నాడని స్టేడియంలో ఎంతమంది గమనించారో! ఈ ప్రయోగం 12 మ్యాచ్‌ల పాటు సాగింది. 4,717 బంతులు పడ్డాయి. 13 నోబాల్స్ తేలాయి. నూటికి 0.28. ప్రతి బంతినీ సరిగ్గానే తేల్చామని ఐసీసీ ప్రకటించింది. 2020 మహిళల టీ20 ప్రపంచకప్‌లో దాన్నే అమలు చేశారు.

ఈ 0.28ను కాస్త విప్పి చూడాలి. 363 బంతులకు ఒకటి. టీ20కి 240 బంతుల చొప్పున మూడు మ్యాచ్‌లకు రెండు నోబాల్స్. ఇంత చిన్న సంఖ్య కోసం ఇంత గోల ఎందుకని శాతం అడుగుతుంది. ఆ రెండింటిలో ఒకటి ఆఖరి ఓవర్ ఆఖరి బంతి అయితే ఏమిటని అభిమాని అడుగుతాడు. శాతంలో అన్ని బంతులకూ ఒకటే బరువు. ఆటలో అలా ఉండదు. అంపైరింగ్ ప్రమాణాలు మెరుగుపడ్డాయంటూ ఎవరైనా సగటు చూపించినప్పుడు మనకు తృప్తి కలగకపోవడానికి మొదటి కారణం ఇదే.

అనుమానం పోయింది, కోపం మిగిలింది

మనలో గల్లీ క్రికెట్ ఆడినవాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. అక్కడ ఎల్‌బీడబ్ల్యూ ఉండదు. ఎందుకంటే బ్యాటింగ్ జట్టువాడే అంపైర్‌గా నిలబడతాడు. కాలికి తగిలితే వేలెత్తే పిల్లాడు ఇంకా పుట్టలేదు. అంతర్జాతీయ క్రికెట్ కూడా చాలా ఏళ్లు ఇంచుమించు ఇదే పద్ధతిలో నడిచింది. ఆతిథ్య దేశం వాళ్లే అంపైర్లు. ఓడిన జట్టు ప్రతిసారీ 'వాళ్ల అంపైర్లు' అంటూ విమానమెక్కేది.

ఆ కట్టు తెంపిన ఇద్దరిలో ఒకరు హైదరాబాదీ. 1986 నవంబర్‌లో లాహోర్‌లో పాకిస్థాన్, వెస్టిండీస్ టెస్టుకు వి.కె.రామస్వామి, పిలూ రిపోర్టర్ అంపైర్లుగా నిలబడ్డారు. 1912 తర్వాత టెస్టుల్లో రెండు జట్లకూ చెందని అంపైర్లు రావడం అదే మొదటిసారి. దాని అవసరం ఏమిటో ఆ మరుసటి ఏడాదే ఫైసలాబాద్‌లో తేలింది. స్థానిక అంపైర్‌తో ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ గ్యాటింగ్ మైదానంలోనే వేలు చూపించుకుంటూ తగాదా పడ్డాడు, ఒక రోజు ఆట మొత్తం పోయింది. 1994 నుంచి టెస్టుకు ఒక తటస్థ అంపైర్, 2002 నుంచి ఇద్దరూ తటస్థులే అన్న నియమం వచ్చింది. పక్షపాతమన్న అనుమానం చాలావరకు తగ్గింది.

అనుమానం తగ్గినా తప్పు తగ్గలేదు. 2008 జనవరిలో భారత్, ఆస్ట్రేలియా సిడ్నీ టెస్టు చూసినవాళ్లకు ఆ అయిదు రోజులు ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంటాయి. అంపైర్లలో ఒకరు వెస్టిండీస్, ఒకరు ఇంగ్లండ్. ఇద్దరూ తటస్థులే. ఆస్ట్రేలియా 200 చేరకముందే 6 వికెట్లు పోగొట్టుకుంది. సైమండ్స్ 30 మీద ఉన్నాడు. ఇషాంత్ బంతి అతని బ్యాట్ అంచును తాకి ధోనీ చేతుల్లో పడింది. శబ్దం టీవీలో స్పష్టంగా వినిపించింది. అంపైర్ కదల్లేదు. సైమండ్స్ 162 నాటౌట్‌గా మిగిలాడు. తను అవుటే అని ఆ తర్వాత ఒప్పుకున్నాడు కూడా. అంటే ఆ నిర్ణయం తర్వాత అతని బ్యాట్ నుంచి వచ్చినవి 132 పరుగులు. ఆస్ట్రేలియా గెలిచిన తేడా 122 పరుగులు.

ఆ మ్యాచ్‌లో మన లక్ష్మణ్ 109, సచిన్ 154 నాటౌట్ కొట్టారు. భారత్ 532 చేసింది. ఆఖరి రోజు డ్రా కోసం పోరాడుతుంటే, ప్యాడ్‌కు తగిలిన బంతికి ద్రవిడ్‌ను క్యాచ్ అవుట్ ఇచ్చారు. గంగూలీ క్యాచ్ సరైనదా కాదా అని అంపైర్ అడిగింది ఎవరిని? ఎదుటి జట్టు కెప్టెన్‌ను. రోజు ముగియడానికి కొన్ని నిమిషాల ముందు క్లార్క్ అయిదు బంతుల్లో మూడు వికెట్లు తీశాడు. ఇంకొన్ని బంతులు నిలబడితే చాలు. లక్ష్మణ్ ఆ సెంచరీని తలుచుకున్నప్పుడల్లా దాని పక్కన ఓటమి ఉంటుంది. హైదరాబాద్‌వాడిగా నాకు అందులో ఇంకా బాధ మిగిలే ఉంది.

3.6 సెంటీమీటర్ల పేచీ

సిడ్నీ తర్వాత ఆరు నెలలకే, 2008 జులైలో, శ్రీలంకలో భారత్ ఆడిన టెస్టుల్లో రివ్యూ పద్ధతిని పరీక్షించారు. సిడ్నీలో అంతగా నష్టపోయిన జట్టుకు దాని విలువ తెలియాలి కదా! ఫలితం తలకిందులైంది. ఆ సిరీస్‌లో రివ్యూలతో శ్రీలంక 11 నిర్ణయాలు మార్పించుకుంటే, భారత్ ఒక్కటే. ఎప్పుడు అడగాలో, ఎవరు చెబితే అడగాలో మనవాళ్లకు పట్టుబడలేదు. ఆ చేదుతో బీసీసీఐ ఏళ్ల తరబడి బంతి దారి చూపే టెక్నాలజీని నమ్మనంది. ద్వైపాక్షిక టెస్టుల్లో మళ్లీ ఒప్పుకుంది 2016 నవంబర్‌లో, ఇంగ్లండ్‌తో రాజ్‌కోట్ టెస్టులో. ఎనిమిదేళ్లు పట్టింది.

రివ్యూ వచ్చాక కొత్త తలనొప్పి పుట్టింది. దాని పేరు అంపైర్స్ కాల్. టీ కొట్ల దగ్గర దీని మీద జరిగినంత వాదన క్రికెట్‌లో మరే నియమం మీదా జరగలేదేమో. 'బంతి వికెట్‌ను తాకుతోందని మీరే చూపిస్తున్నారు, మళ్లీ నాటౌట్ ఏమిటి?' అన్నది ప్రశ్న. కొలతలతో చూస్తే తప్ప ఇది అర్థం కాదు.

మూడు వికెట్ల వెడల్పు 22.86 సెంటీమీటర్లు. బంతి అడ్డకొలత సుమారు 7.2. బంతి అంచు ఏ మాత్రం తాకినా బెయిల్స్ పడతాయనుకుంటే, దాని నడిబొడ్డు వికెట్లకు అటు 3.6, ఇటు 3.6 సెంటీమీటర్ల బయట ఉన్నా అవుటే. అంటే మొత్తం 30 సెంటీమీటర్ల చోటు. అంపైర్ అవుట్ ఇచ్చి ఉంటే ఈ 30లో ఎక్కడ పడినా అవుటే. అంపైర్ నాటౌట్ ఇచ్చి ఉంటే దాన్ని మార్చడానికి బంతిలో సగం వికెట్లకు తగలాలి, అంటే నడిబొడ్డు 22.86 లోపల ఉండాలి. మిగిలిన 7.2 సెంటీమీటర్లు, 30లో దాదాపు నాలుగో వంతు, మైదానంలో ఉన్న మనిషి చేతిలో వదిలేశారు. 2016కు ముందు ఇది ఇంకా ఎక్కువ. అప్పట్లో హద్దు ఆఫ్, లెగ్ స్టంపుల మధ్యగీతల దగ్గర ఉండేది కాబట్టి అంపైర్ చేతిలో మూడో వంతుకు పైనే ఉండేది.

ఎందుకు వదిలేశారు? మనం తెరమీద చూసే ఆఖరి గీత జరిగింది కాదు, జరిగి ఉండేదన్న అంచనా. బంతి ప్యాడ్‌కు తగిలి అక్కడే ఆగిపోయింది. అక్కడి నుంచి వికెట్ల దాకా కంప్యూటర్ గీసింది ఊహాగీత. ఆ ఊహకు కొంత అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, అంచు మీద ఉన్నప్పుడు మొదటి మాటకే విలువ ఇద్దామన్నారు. నాకు ఇది సబబుగానే అనిపిస్తుంది. తప్పల్లా ఆ ఊహను అంత కచ్చితమైన బొమ్మగా, ఎర్రటి బంతి వికెట్‌ను తాకినట్టు చూపించడంలో ఉంది. అంచనాను సాక్ష్యంలా చూపిస్తే చూసేవాడు సాక్ష్యంగానే తీసుకుంటాడు. 2017 నుంచి అంపైర్స్ కాల్ వస్తే జట్టు రివ్యూ పోదన్న సవరణ వచ్చింది, 2021లో వికెట్ ఎత్తు హద్దును బెయిల్స్ పైదాకా పెంచారు. ఈ రెండూ మంచి పనులే.

రివ్యూలు లెక్కపెట్టి ఇస్తారు కాబట్టి తప్పులు ఆగవు, చేతులు మారతాయి. 2019 ఆగస్టులో లీడ్స్‌లో బెన్ స్టోక్స్ 135 నాటౌట్‌తో ఒక్క వికెట్ తేడాతో ఇంగ్లండ్‌ను గెలిపించిన మ్యాచ్‌లో, చివర్లో ఆస్ట్రేలియా బౌలర్ లయన్ బంతికి అతను ఎల్‌బీడబ్ల్యూ అయ్యాడు. అంపైర్ ఇవ్వలేదు. ఆస్ట్రేలియా దగ్గర రివ్యూ లేదు, అంతకు కాస్త ముందే లెగ్ స్టంప్‌కు బయట పడ్డ బంతికి ఆఖరిది వాడేసింది. తప్పు అంపైర్‌దే. దాన్ని సరిదిద్దుకునే అవకాశం పోగొట్టుకున్నది జట్టు.

జరిమానాల పట్టిక

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే లెక్క ఇది. 2019 ఏప్రిల్‌లో జైపూర్‌లో అంపైర్ ఒక నోబాల్ సైగ చేసి వెనక్కి తీసుకున్నందుకు ధోనీ మైదానంలోకి వచ్చాడు: మ్యాచ్ ఫీజులో 50 శాతం కోత. 2022 ఏప్రిల్‌లో ముంబైలో నడుము ఎత్తు ఫుల్‌టాస్‌ను నోబాల్ ఇవ్వలేదని పంత్ తన బ్యాటర్లను వెనక్కి రమ్మన్నాడు: 100 శాతం. మైదానంలోకి వెళ్లిన సహాయ కోచ్‌కు 100 శాతం, పైగా ఒక మ్యాచ్ నిషేధం. 2023 జులైలో మిర్పూర్‌లో, రివ్యూ సదుపాయమే లేని సిరీస్‌లో, అవుట్ ఇచ్చినందుకు హర్మన్‌ప్రీత్ వికెట్లను బ్యాట్‌తో కొట్టింది: 75 శాతం, రెండు మ్యాచ్‌ల నిషేధం. 2024 ఏప్రిల్‌లో కోల్‌కతాలో కోహ్లీ: 50 శాతం.

ఆటగాళ్ల ప్రవర్తనను సమర్థించడం లేదు. ధోనీ మైదానంలోకి రాకూడదు. వికెట్లు కొట్టడం తప్పే. అయితే పట్టికలో ఒక వైపే ఉంది. ఆ నిర్ణయాలు సరైనవా కావా, తప్పయితే ఏం చేశారు అన్న వైపు మనకు కనిపించదు.

కోహ్లీ విషయమే తీసుకోండి. అతను క్రీజు బయట నిలబడి ఆడిన ఫుల్‌టాస్ నడుము కంటే ఎత్తుగా వచ్చింది. అయితే నియమం చూసేది గీత దగ్గర ఎత్తును. అక్కడికి చేరేసరికి బంతి 0.92 మీటర్ల ఎత్తులో ఉండేదని టెక్నాలజీ అంచనా వేసింది. కోహ్లీ నడుము ఎత్తు 1.04 మీటర్లు, ముందే కొలిచి పెట్టుకున్నారు. 12 సెంటీమీటర్ల తేడా. నిర్ణయం నియమం ప్రకారం సరైనదే. రెండేళ్ల ముందు పంత్ గొడవలో ఈ కొలత లేదు, అడిగే దారీ లేదు. ఆ గొడవ తర్వాతే 2023లో నోబాల్, వైడ్‌లకూ ఐపీఎల్‌లో రివ్యూ వచ్చింది. రెండు సంఖ్యలు తెర మీద కనబడితే సగం వాదన చల్లారుతుంది. మిగతా సగం మ్యాచ్ ఒక్క పరుగుతో ఓడిపోయిన బాధ, దానికి ఏ అంపైరూ మందు ఇవ్వలేడు.

ఈ సంఖ్యల్ని దాచకుండా చెప్పే అలవాటు వేరేచోట ఉంది. అమెరికాలో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ 2015 నుంచి, హోరాహోరీగా ముగిసిన మ్యాచ్‌ల ఆఖరి రెండు నిమిషాల్లో రిఫరీలు తీసుకున్న ఒక్కో నిర్ణయం ఒప్పో తప్పో మరుసటి రోజు ప్రకటిస్తోంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 2023 సెప్టెంబర్ 30న టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ కొట్టిన సరైన గోల్‌ను ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. వీడియో గదిలో ఉన్నవాళ్లు మైదానంలో గోల్ ఇచ్చారనుకుని 'చూశాం, సరే' అనేశారు. లివర్‌పూల్ 2-1తో ఓడింది. కొద్ది రోజుల్లోనే ఆ గదిలో మాటల రికార్డింగ్‌ను బయటపెట్టారు. విన్నవాళ్లకు మతిపోయింది, నిజమే. కానీ అది కుట్ర కాదని, కంగారులో జరిగిన పొరపాటని కూడా అందరికీ అర్థమైంది. వీడియో రిఫరీల తప్పులు 2022-23 సీజన్‌లో 38, 2023-24లో 31 అని అక్కడి లెక్క. 380 మ్యాచ్‌లకు 31, అంటే 12 మ్యాచ్‌లకు ఒకటి. ఈ అంకెతో పోట్లాడవచ్చు. అంకె లేని చోట పుకారుతో పోట్లాడాలి.

క్రికెట్‌లో అంపైర్లకు ప్రతి మ్యాచ్‌కీ మార్కులు వేస్తారు. రిఫరీ నివేదికలు ఉంటాయి, కెప్టెన్ల నివేదికలు ఉంటాయి. అవి ప్రేక్షకుడి దాకా రావు. రావాలని నా కోరిక. అంపైర్‌ను బజారుకీడ్చడానికి కాదు. సిడ్నీ తర్వాత అక్కడి వెస్టిండీస్ అంపైర్ బక్నర్‌ను పెర్త్ టెస్టు నుంచి తప్పించి బౌడెన్‌ను పంపారు. అంత పేరున్న అంపైర్‌కు అలాంటి సాగనంపు కంటే, 'ఈ నిర్ణయం తప్పు, కారణం ఇది' అని మర్నాడు ఒక వాక్యం వస్తే ఆయనకూ గౌరవం, మనకూ ఊరట. 2019 ప్రపంచకప్ ఫైనల్లో ఫీల్డర్ విసిరితే స్టోక్స్ బ్యాట్‌కు తగిలి బౌండరీకి పోయిన బంతికి 5 బదులు 6 పరుగులు ఇవ్వడం పొరపాటని అంపైర్ ధర్మసేన తర్వాత ఒప్పుకున్నారు. ఆ మ్యాచ్ 241 దగ్గర సమమై, సూపర్ ఓవర్ కూడా 15 దగ్గర సమమై, బౌండరీల లెక్కతో తేలింది. ఆ ఒప్పుకోలు విన్నాక ఆయన మీద నాకున్న కోపం సగానికి తగ్గింది.

దుబాయ్‌లో ఆ సాయంత్రం థర్డ్ అంపైర్ ముందు తెరలున్నాయి, రీప్లే ఉంది. షార్ట్ రన్‌ను సరిదిద్దే అధికారం మాత్రం నియమంలో లేదు. పంజాబ్ ఫిర్యాదు చేసింది, ఫలితం మారలేదు. ఆరు నెలల తర్వాత, 2021 ఏప్రిల్ 1న, ఐసీసీ కొత్త నియమం ప్రకటించింది. అంపైర్ షార్ట్ రన్ అంటే, తర్వాతి బంతి పడేలోపు థర్డ్ అంపైర్ రీప్లే చూసి తప్పుంటే దిద్దాలి. రీప్లే చూడటానికి కొన్ని సెకన్లు చాలు. 2020 పట్టికలో పంజాబ్ పేరు ఎదురుగా ఇప్పటికీ 12 అనే ఉంది.